ఊపిరిని కొలిచినవారు

మా మేనమామ ఉద్యోగ విరమణ చేసిన మరుసటి సంవత్సరం ప్రాణాయామం మొదలుపెట్టారు. రైల్వేస్టేషనులో కొన్న ఒక చిన్న పుస్తకమే గురువు. పూరకానికి 16 మాత్రలు, కుంభకానికి 64, రేచకానికి 32 అని అందులో ఉన్నది. ట్రెజరీలో ముప్పై ఏళ్ళు పద్దులు చూసిన మనిషి కనుక లెక్క తప్పనిచ్చేవారు కాదు. ఆయనకు రక్తపోటు ఉన్న సంగతి పుస్తకానికి తెలియదు. ఆయన ఎవరినీ అడగలేదు. మూడవ వారంలో ఒక తెల్లవారుజామున, కుంభకం మధ్యలో కళ్ళు తిరిగి పూజగది గడపమీద పడిపోయారు. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. ఊపిరి బిగబట్టడం ఇక మానుకొమ్మని వైద్యుడు గట్టిగా చెప్పాడు. మామయ్యకు కుట్లకన్న ఆ మాటే ఎక్కువ నొప్పి కలిగించింది. “మనశ్శాంతికని ఋషులు చెప్పినదాన్ని పొల్లుపోకుండా చేస్తే ఇలా ఎందుకయిందిరా?” అని నన్ను అడిగారు.

ఆనాడు నా దగ్గర సమాధానం లేదు. కాని ఆ ప్రశ్నలో మనమందరం విచారించకుండానే ఒప్పుకున్న ఒక ఊహ దాగి ఉన్నదని తరువాత తోచింది. ప్రాణాయామం, జపం, ధ్యానం, ఈ మూడూ మనశ్శాంతి కోసమే పుట్టాయన్నది ఆ ఊహ. నిజంగా అందుకేనా? పాత పుస్తకాలు తిరగవేయడం మొదలుపెట్టాక, ఊపిరిని కొలిచినవారు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క ప్రయోజనం కోసం కొలిచారని అర్థమయింది. కొలిచే సాధనాలు కూడా మారుతూ వచ్చాయి. ఈ టపా ఆ వెదుకులాటకు ఫలితం.

మొదట ఎదురయ్యేది శాంతి కాదు, పాపం.

సంధ్యావందనం ఉన్న ఇళ్ళలో పుట్టినవారికి ప్రాణాయామమంటే ముక్కు పట్టుకోవడమే. నా చిన్నతనంలో ముక్కుకు వేళ్ళు ఆనించి మంత్రం గబగబా చదివేసేవాణ్ణి. ఊపిరి దాని దారిన అది నడిచేది. ధర్మశాస్త్రాలు చెప్పిన పద్ధతి వేరు. ప్రణవంతో కూడిన వ్యాహృతులను, గాయత్రిని, శిరోమంత్రాన్ని కలిపి, ఊపిరి నిలిపి ఉంచి మూడుసార్లు చదివితే అది ఒక ప్రాణాయామం. మొన్న గడియారం ఎదురుగా పెట్టుకొని తీరికగా చదివి చూశాను. ఒకసారికి 16 సెకన్లు పట్టింది. మూడుసార్లంటే ముప్పాతిక నిమిషం దాటుతుంది. గడియారం లేని కాలంలో మంత్రమే గడియారమన్నమాట. జపం వేరు, ప్రాణాయామం వేరు అని మనమిప్పుడు విడదీసి మాట్లాడుకుంటున్నాం గాని, వారి లెక్కలో ఊపిరికి కొలబద్ద మంత్రం. మంత్రానికి ఆధారం ఊపిరి.

ఇంత శ్రమ దేనికి? మనుస్మృతి ఆరవ అధ్యాయం, కొలిమిలో ఊదితే లోహాల మలం ఎలా కాలిపోతుందో, ప్రాణాన్ని నిగ్రహిస్తే ఇంద్రియాల దోషాలు అలా కాలిపోతాయంటుంది. పదకొండవ అధ్యాయం ఇంకా ముందుకు పోయి, రోజుకు 16 చొప్పున నెలరోజులు ప్రాణాయామాలు చేస్తే భ్రూణహత్య చేసినవాడు కూడా శుద్ధుడవుతాడని చెబుతుంది. అంటే ఇది ప్రాయశ్చిత్త ప్రకరణం. నేటి భాషలో చెప్పాలంటే శిక్షాస్మృతిలో ఒక భాగం. చేసేవాడికి హాయిగా ఉంటుందా, నిద్ర బాగా పడుతుందా అన్న విచారం అక్కడ లేదు. మరొక సంగతి కూడా మరచిపోరాదు. ఉపనయనం అయిన పురుషుడికే ఈ మంత్రం, ఈ కొలత. మిగిలినవారికి ఊపిరి ఉన్నది గాని, దాన్ని కొలుచుకునే హక్కు లేదు.

మనుస్మృతికి కొన్ని శతాబ్దాల ముందే ఊపిరిని బిగబట్టి చూసి విడిచిపెట్టినవాడు ఒకడున్నాడు. మజ్ఝిమనికాయంలోని మహాసచ్చక సుత్తంలో గౌతమ బుద్ధుడు తన తపస్సు రోజులను సచ్చకుడనే వాదికి చెబుతాడు. నోటి ఊపిరి, ముక్కు ఊపిరి ఆపివేయగా చెవులనుంచి గాలి కమ్మరి కొలిమితిత్తి మోతలా వెలువడిందట. ఇంకా బిగబట్టగా కత్తిమొన తలలో దిగినట్లు, తోలుపట్టీ తలచుట్టూ బిగించినట్లు, కసాయివాడు కడుపు కోసినట్లు, నిప్పుల గుంటమీద కాల్చినట్లు బాధలు కలిగాయట. మనుస్మృతికి, బుద్ధునికి ఇద్దరికీ కొలిమే గుర్తుకు వచ్చింది; ఒకచోట దోషం కాలుతున్నది, మరొకచోట మనిషి కాలుతున్నాడు. ఆ మాటలు చదివినప్పుడు నాకు మామయ్య నుదుటి కుట్లు గుర్తుకు వచ్చాయి.

ఆ తరువాత కథ ఇంకా అందమైనది. ఇన్ని బాధలూ పడ్డాక అతనికి చిన్ననాటి ముచ్చట ఒకటి తలపుకు వచ్చింది. తండ్రి పనిలో ఉండగా తాను నేరేడుచెట్టు చల్లని నీడలో ఒంటరిగా కూర్చున్నప్పుడు మనసు తనంతట తానే నిలిచి సుఖంగా ఉన్న ఘడియ అది. దారి ఇదేనేమో అనుకున్నాడు. బలాత్కారంగా సాధించినదేదో కాదు, పిల్లవాడిగా ఉన్నప్పుడు అప్రయత్నంగా దొరికినది. తరువాతి కాలంలో ఆయన భిక్షువులకు బోధించిన ఆనాపానసతిలో ఊపిరిని ఆపడం లేదు, పొడిగించడం కూడా లేదు. దీర్ఘమైతే దీర్ఘమని, హ్రస్వమైతే హ్రస్వమని తెలుసుకోవడంతో అది మొదలవుతుంది. మొత్తం పదహారు మెట్లు. కొలవడం పోయి చూడడం వచ్చింది. నా మటుకు నాకు ఈ చరిత్రలో అన్నిటికన్న పెద్ద మలుపు ఇదే.

పతంజలి వీరిద్దరి నడుమ నిలబడతాడు. యోగసూత్రాలు క్రీ.శ. 400 ప్రాంతానివని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. అష్టాంగాలలో నాలుగవది ప్రాణాయామమని అందరికీ తెలుసు. కాని మొదటి పాదంలోనే, అంటే అష్టాంగాల ప్రసక్తి రాకముందే, రెండు విషయాలు చెబుతాడు. మనసు చెదిరినప్పుడు దానితోపాటు దుఃఖం, దిగులు, ఒంటి వణుకు, ఉచ్ఛ్వాస నిశ్వాసాల తబ్బిబ్బు కూడా వస్తాయన్నది ఒకటి. ఊపిరిని వెలికి విడిచి నిలపడం చిత్తప్రసాదానికి ఒక ఉపాయమన్నది రెండవది. ఒక ఉపాయం మాత్రమే సుమా. మైత్రి, కరుణ మొదలైనవాటిని ముందు చెప్పి, “లేదా ఇది” అన్న ధోరణిలో దీన్ని చేర్చాడు. ప్రణవ జపం కూడా ఆ పరిసరాలలోనే వస్తుంది.

ఇక్కడ ‘ప్రసాదం’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మనకు ప్రసాదమంటే పులిహోర, చక్రపొంగలి. సంస్కృతంలో దాని మొదటి అర్థం తేటదనం. వరద వచ్చినప్పుడు ఏటి నీటిని కుండలోకి ఎత్తి, చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుగుకు దిగి నీరు తేటపడుతుంది. మా అమ్మమ్మ ఈ పని చేయగా చూసినవాణ్ణి. మడ్డిని ఎవరూ కాల్చలేదు, పారబోయలేదు. అది కుండ అడుగునే ఉన్నది. మనుస్మృతి కొలిమికీ పతంజలి తేటనీటికీ ఉన్న తేడా అది. మనమిప్పుడు మనశ్శాంతి అని పిలుస్తున్నదానికి ప్రాచీన గ్రంథాలలో దగ్గరి మాట ఏదైనా ఉంటే అది చిత్తప్రసాదమే. అయితే పతంజలికి అది గమ్యం కాదు. ఆ తేటనీటిలోకి తొంగిచూసి పురుషుణ్ణీ ప్రకృతినీ విడదీసి గుర్తించాలి. నీరు తేటపడింది కదా అని కుండ ముందు కూర్చొని మురిసిపోవడం ఆయన ఉద్దేశంలో లేదు.

మా మామయ్య పుస్తకంలోని లెక్క పతంజలిది కాదు, హఠయోగులది. 16, 64, 32 మాత్రల విధానం యోగతత్త్వోపనిషత్తులో ఉన్నది. మాత్ర అంటే ఎంత? తొందరపడకుండా, ఆలస్యం చేయకుండా మోకాలి చుట్టూ చేయి త్రిప్పి చిటిక వేస్తే అది ఒక మాత్ర అని ఆ ఉపనిషత్తు నిర్వచించింది. వేదమంత్రం స్థానంలోకి మోకాలు, చిటిక వచ్చాయి. చిన్న మార్పులా కనబడుతుంది గాని కాదు. మోకాలు అందరికీ ఉన్నది. పదమూడవ శతాబ్దపు దత్తాత్రేయయోగశాస్త్రం ఈ మాటను దాచలేదు కూడా. బ్రాహ్మణుడైనా, శ్రమణుడైనా, బౌద్ధుడైనా, జైనుడైనా, కాపాలికుడైనా, చివరకు చార్వాకుడైనా శ్రద్ధగా అభ్యాసం చేస్తే సిద్ధి పొందుతాడనీ, వేషం వేసుకుంటేనో కబుర్లు చెబితేనో రాదనీ స్పష్టంగా చెప్పింది. చార్వాకుణ్ణి కూడా రమ్మన్న యోగశాస్త్రం ఒకటి మనకు ఉన్నదని చదివిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

అయితే హఠయోగి కోరినది శాంతి కాదు, సిద్ధి. ‘హఠం’ అంటేనే బలాత్కారం. పదిహేనవ శతాబ్దంలో స్వాత్మారాముడు కూర్చిన హఠప్రదీపిక సూర్యభేదనం, ఉజ్జాయి, సీత్కారి, శీతలి, భస్త్రిక, భ్రామరి, మూర్ఛ, ప్లావిని అని ఎనిమిది కుంభకాలు చెబుతుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం, అర్ధరాత్రి నాలుగుసార్లు కూర్చొని, మెల్లమెల్లగా పెంచుకుంటూ పూటకు 80 కుంభకాల దాకా పోవాలంటుంది. అంటే రోజుకు 320. సంసారి చేయగలిగిన పనేనా ఇది? మొదట చెమట పడుతుంది, తరువాత వణుకు పుడుతుంది, అవన్నీ మంచి గుర్తులే. ఊపిరి కదిలితే మనసు కదులుతుంది, ఊపిరి నిలిస్తే మనసు నిలుస్తుంది అన్న సంగతి అక్కడా ఉన్నది. కాని ఆ నిలకడ మృత్యువును గెలవడానికి.

ఈ స్వాత్మారాముడే ఒక హెచ్చరిక కూడా చేశాడు. సింహాన్ని, ఏనుగును, పులిని ఎలా మెల్లమెల్లగా మచ్చిక చేస్తారో ఊపిరిని అలా మచ్చిక చేసుకోవాలి, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందని. అభ్యాసం వికటిస్తే ఎక్కిళ్ళు, ఉబ్బసం, దగ్గు, తలనొప్పి, చెవినొప్పి, కంటినొప్పి వస్తాయని జాబితా కూడా ఇచ్చాడు. మా మామయ్య పుస్తకంలో ఈ పుట లేదు. అంకెలను దించుకున్నవారు హెచ్చరికను వదిలివేశారు. ఆయన ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడ దొరికిందని నా అభిప్రాయం. మృత్యువును గెలవడానికని సర్వమూ విడిచినవారు పెట్టుకున్న కొలతను, పింఛను కాగితాల బెంగ పోవడానికి వాడుకున్నాం.

హఠయోగం మనకు దూరదేశపు సరుకు కాదు. హఠప్రదీపిక మొదట్లో ఉన్న సిద్ధుల వరుసలో మత్స్యేంద్ర, గోరక్షులతోపాటు కన్నడ వీరశైవుల అల్లమప్రభువు పేరు కూడా ఉన్నది. శ్రీశైల మల్లికార్జునాలయ ప్రాకారపు గోడమీద విజయనగర కాలపు శిల్పాలలో జటలు కట్టి రకరకాల యోగాసనాలు వేసిన సిద్ధులు వరుసగా కనబడతారు. దర్శనం వరుసలో తోసుకుంటూ పోయే మనం ఆ గోడవైపు చూడం. ఆ పదిహేనవ శతాబ్దంలోనే శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠాధిపతి కోరగా గౌరన నవనాథచరిత్రను ద్విపదలో రచించాడు. కాళ్ళూ చేతులూ నరికివేయబడిన సారంగధరుడు సిద్ధుల అనుగ్రహంతో చౌరంగి అయ్యే కథ అందులోనిదే. సంస్కృతం రానివాడికి యోగుల కథ తెలుగు ద్విపదలో అందింది. వేమన పేరిట వినబడే పద్యాలలో యోగపరిభాష అంతగా ఎందుకున్నదో, ఊపిరి బిగించి లోకాన్ని మోసగించేవారిమీద అంత కోపం ఎందుకున్నదో ఈ వెనుకటి సంగతి తెలిస్తే బోధపడుతుంది.

ఇక జపం మాట. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ తెలుగువాడిదే. బొబ్బిలి దగ్గరి కలువరాయిలో 1878లో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి చిన్న వయసులోనే తపస్సుకని ఊళ్ళు పట్టుకొని తిరిగారు. 1900లో నవద్వీప పండితుల సభ ఆయన ఆశుకవిత్వానికి ముగ్ధమై ‘కావ్యకంఠ’ బిరుదు ఇచ్చింది. మంత్రజపానికి ఆయన జీవితంలో లెక్కలేదు. అయినా తృప్తి లేదు. వేలూరులో తెలుగు పండితుడిగా పనిచేసి, 1907 నవంబరు 18వ తేదీన, కార్తికోత్సవాల రోజులలో, మిట్టమధ్యాహ్నం అరుణాచలం కొండ ఎక్కి విరూపాక్ష గుహ దగ్గర మౌనంగా ఉన్న బ్రాహ్మణస్వామి పాదాలమీద పడ్డారు. చదవవలసినదంతా చదివాను, మంత్రం తనివితీరా జపించాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదని మొరపెట్టుకున్నారు. వయసులో ఆయనే పెద్ద. స్వామికి అప్పటికి ముప్పై నిండలేదు.

వచ్చిన సమాధానం చిన్నది. ‘నేను’ అన్న తలపు ఎక్కడినుంచి పుడుతున్నదో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తున్నప్పుడు ఆ మంత్రనాదం ఎక్కడినుంచి పుడుతున్నదో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు. లెక్క పెంచమనలేదు, మంత్రం మార్చమనలేదు, మానమనీ అనలేదు. ఆ స్వామికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరుపెట్టి లోకానికి చాటినది కావ్యకంఠులే. కోటి జపం చేసిన మహాపండితుడు, ఒక యువకుడి రెండు మాటలకు కరిగిపోవడం మనకు పురాణకథలా తోస్తుంది గాని, ఇది జరిగి ఇంకా రెండు వందల ఏళ్ళు కూడా కాలేదు. నా దృష్టిలో ఇది నేరేడుచెట్టు కథకు మరొక రూపం. లెక్కించడం ఆగి, చూడడం మొదలయింది.

రమణులు ఊపిరిని తీసిపారేయలేదు. 1927లో రచించిన ఉపదేశసారంలో మనసూ ప్రాణమూ ఒకే మూలంనుంచి చీలిన రెండు కొమ్మలంటారు. ఊపిరిని నిలిపితే వలలో పడిన పక్షిలా మనసు అణుగుతుందని ఒప్పుకుంటారు. వల తీసేస్తే పక్షి ఎగిరిపోతుంది కదా! అణగడం వేరు, నశించడం వేరని అక్కడే విడమరచి చెబుతారు. తమిళంలో మొదలయిన ఈ కృతిని ఆయనే తెలుగులోనూ, సంస్కృతంలోనూ, మలయాళంలోనూ రచించారు. ఆయన తెలుగు చదివినవారు మనలో తక్కువమందేమోనని నా అనుమానం.

మరి ‘శాంతి కోసం ప్రాణాయామం’ అన్నమాట ఎప్పుడు ఇంత బలపడింది? నాకు దొరికిన జాడలు ఎక్కువగా పంతొమ్మిదవ శతాబ్దం చివరి అమెరికాలో ఉన్నాయి. 1895-96 చలికాలంలో వివేకానందుడు న్యూయార్కులో చేసిన ఉపన్యాసాలు 1896లో ‘రాజయోగ’ పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన మొదట నేర్పినది కుంభకం కాదు. లయతప్పకుండా, మనసులో ప్రణవాన్ని తలచుకుంటూ పీల్చి విడవడం. దాని మొదటి ఫలం ముఖంలో ప్రశాంతత అని కూడా చెప్పాడు. మూడేళ్ళ తరువాత, 1899లో, మనోవిజ్ఞాన పండితుడు విలియం జేమ్స్ విశ్రాంతిని గురించిన ఒక ప్రసంగవ్యాసం ప్రకటించాడు. భారతదేశంనుంచి వచ్చిన ఒకరు, రోజులో కనీసం అరగంట మౌనంగా కూర్చొని కండరాలు సడలించి, ఊపిరిని అదుపు చేసుకొని, నిత్యమైనదాన్ని ధ్యానించడం హిందువుల జీవితంలో విడదీయరాని భాగమనీ, అమెరికనులకు అటువంటి ఘడియే లేదేమనీ తనతో అన్నట్లు అందులో వ్రాశాడు. నిజానికి 1899లో మన ఊళ్ళలో దుక్కి దున్నేవాడికీ, ధాన్యం దంచే ఆమెకూ ఆ అరగంట ఎవరిచ్చారు? పరదేశంలో మన గొప్ప చెప్పుకునేటప్పుడు మనం కొంచెం పెంచి చెప్పడం ఈనాటిది కాదు. కాని ఆ పెంచి చెప్పిన మాటే తరువాత మనకు ఆచారమయింది. మోక్షం, పాపం, సిద్ధి పక్కకు జరిగి, అలసిన నరాలు ముందుకు వచ్చాయి.

నరాలు వచ్చాక యంత్రాలు రాకుండా ఉంటాయా? 1924లో కువలయానందస్వామి లోనావ్లాలో కైవల్యధామం స్థాపించి, ఆ ఏడే ‘యోగమీమాంస’ పత్రిక ప్రారంభించారు. సాధకులను ఎక్సరే యంత్రం ముందు నిలబెట్టినది ఆయనే. ప్రాణాయామంతో ప్రాణవాయువు విపరీతంగా అందుతుందన్న ప్రచారాన్ని యోగియై ఉండి కూడా ఆయన సమర్థించలేదు; దాని విలువ మరొకచోట ఉన్నదన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న కేరళీయుడు కోవూరు బెహనాన్ యేల్ విశ్వవిద్యాలయంలో తన మీద తానే పరీక్షలు చేసుకొని 1937లో ఒక పుస్తకం ప్రచురించాడు. ప్రాణాయామం ముగించిన వెంటనే బుద్ధిపరీక్షలలో తన వేగం తగ్గిందని నిజాయితీగా వ్రాసుకున్నాడు. బుద్ధి పదునెక్కుతుందని ఆశించేవారికి ఇది రుచించకపోవచ్చు గాని, మనసు నెమ్మదించిందన్న మాటకు అంతకంటె మంచి సాక్ష్యం ఏముంటుంది?

1957లో మేరియన్ వెంగర్, బసుకుమార్ బాగ్చి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికానుంచి యంత్రాలు మోసుకొని మన దేశమంతా తిరిగారు. ఈ బాగ్చి ఒకప్పుడు పరమహంస యోగానందతో కలిసి అమెరికాలో యోగం బోధించిన ధీరానందస్వామే. కాషాయం విడిచి మెదడు విద్యుత్తును కొలిచే విద్యలో స్థిరపడ్డాడు. గుండెను ఆపగలమన్న యోగులను పరీక్షించగా నాడి అందలేదు, గుండె చప్పుడు వినబడలేదు. కాని విద్యుల్లేఖనంలో గుండె కొట్టుకుంటూనే ఉన్నది. ఊపిరి బిగించి రొమ్ము, కడుపు కండరాలను గట్టిగా నొక్కడంవల్ల గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి అలా అయిందని తేల్చారు. మా మామయ్య పడిపోవడంలోనూ ఇటువంటిదేదో జరిగి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను.

1975లో హెర్బర్ట్ బెన్సన్ అనే హృద్రోగ వైద్యుడు, మహేశ్ యోగి శిష్యులను పరీక్షించిన అనుభవంతో, కళ్ళు మూసుకొని ఊపిరి విడిచినప్పుడల్లా ఏదో ఒక మాట అనుకుంటే చాలన్నాడు. ‘వన్’ అనుకున్నా సరేనన్నాడు. శిరోమంత్రంతో మొదలయిన కొలత ఒంట్లెక్కలో మొదటి అంకె దగ్గర ఆగింది. శాస్త్రం దృష్టిలో ఏ మాటైనా ఒకటే. భక్తుడి దృష్టిలో కాదు. ఈ తగవు తీర్చే సామర్థ్యం నాకు లేదు.

2001 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక చిన్న పరిశోధన మాత్రం నన్ను చాలారోజులు వదలలేదు. లూచియానో బెర్నార్డి బృందం ఇటలీలో 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో జపమాల ప్రార్థనను, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రాన్ని చదివించి ఊపిరిని, రక్తపోటును, గుండె లయను నమోదు చేసింది. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గింది. అంటే ఒక ఊపిరికి పది సెకన్లు. మన రక్తపోటులో సహజంగానే పది సెకన్లకొకసారి వచ్చే చిన్న అల ఒకటి ఉన్నది. ఊపిరి ఆ అలతో కలిసినప్పుడు గుండె, రక్తనాళాలు ఒకదానికొకటి బాగా స్పందిస్తాయని వారు గమనించారు. ఎవరినీ ఊపిరి బిగబట్టమనలేదు, నెమ్మదిగా పీల్చమని కూడా అనలేదు. చదవమన్నారు, అంతే. పలకడానికి ఊపిరి విడవాలి కనుక పాదం పొడవే ఊపిరి పొడవయింది.

మరొక పక్క ఊపిరిని ఊరికే చూసే దారి కూడా మన నేలకు తిరిగివచ్చింది. గోయెంకా 1969లో బర్మానుంచి విపశ్యనను తిరిగి తీసుకువచ్చారు. హైదరాబాదు శివారులో ధమ్మఖేత్త వెలసింది. 1990లో కర్నూలులో సుభాష్ పత్రి మొదలుపెట్టిన ధ్యానప్రచారం “శ్వాస మీద ధ్యాస” అన్న మూడు మాటలతో ఆనాపానసతిని తెలుగు పల్లెల్లోకి తీసుకుపోయింది. పిరమిడ్ల మహిమను గురించిన మాటలు నాకు మింగుడుపడవు. కాని 2022లో ఆయన కన్నుమూసేనాటికి, పాళీ పేరు వినని కూలీ ఆడవాళ్ళు కూడా కళ్ళు మూసుకొని తమ ఊపిరిని తాము గమనించుకుంటూ కూర్చోవడం నేను చూశాను. ఉపనయనం అడగలేదు, మోకాలు త్రిప్పమనలేదు. ఒకప్పుడు కొలుచుకునే హక్కు లేదన్నవారి దగ్గరికి అది కొలత లేకుండానే వెళ్ళింది.

పోయిన సంక్రాంతికి మామయ్యగారింటికి వెళ్ళినప్పుడు ఇదంతా ఆయనకు చెప్పాను. కావ్యకంఠుల దగ్గర ఆయన కళ్ళు చెమర్చాయి. బాగ్చి దగ్గర నవ్వారు. ప్రాణాయామం జోలికి మళ్ళీ పోలేదట. “మీ అత్తయ్య నయంరా, దానికి ఏ బాధా లేదు” అన్నారు. అత్తయ్యకు గాయత్రి ఎవరూ చెప్పలేదు, పూరక రేచకాల పేర్లు కూడా తెలియవు. పెళ్ళయి వచ్చిన ఏడు అత్తగారి దగ్గర విని నేర్చుకున్న విష్ణుసహస్రనామం నలభై ఏళ్ళుగా పొయ్యి వెలిగించకముందు చదువుకుంటున్నది. మరునాడు తెల్లవారి వసారాలో కూర్చొని గడియారం చూస్తూ విన్నాను. ముప్పైరెండు అక్షరాల శ్లోకం, ఒక ఊపిరి. మళ్ళీ శ్లోకం, మళ్ళీ ఊపిరి. పది సెకన్లు, ఒక్కొక్కసారి తొమ్మిది, ఒక్కొక్కసారి పదకొండు. నా పెదవులు అంకెలు వేసుకోవడం ఆమె కంట పడింది.

“లెక్కపెట్టకు నాయనా, నువ్వు లెక్కపెడుతుంటే నాకు నామాలు తప్పిపోతున్నాయి” అన్నది. గడియారం జేబులో పెట్టుకున్నాను.